తుక్కు సీసం కొని ఇంట్లో దాచుకోవచ్చా? రాణిగంజ్ బ్యాటరీ కొట్టు నుంచి ఒక జవాబు

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్ ఉప్పల్‌లో సొంతిల్లు, మేడ మీద ఒక ఖాళీ గది, చేతిలో లక్షన్నర రూపాయలు. అమెరికావాళ్ళు కొందరు సీసం దిమ్మలు పోగేసుకుంటున్న వీడియోలు చూశారు. బంగారం ఎలాగూ అందడం లేదు, తుక్కు సీసం కిలోల్లో కొని, కరిగించి దిమ్మలు పోసి పెట్టుకుంటే పదేళ్ళకు పెట్టుబడి అవుతుంది, కష్టకాలం వస్తే ఆదుకుంటుంది కదా అని. ఇంట్లో ఇప్పటికే రెండు పాత ఇన్వర్టర్ బ్యాటరీలు పడి ఉన్నాయి, వాటితోనే మొదలుపెడదామని. చివర్లో మాటవరసకి నాలుగేళ్ళ పాప ఉందని కూడా రాశారు. నాకు మీ ప్రశ్న మొత్తంలో ముఖ్యమైన మాట అదే, కానీ దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మా నాన్నది ముషీరాబాద్‌లో పాత సామాను కొట్టు. నాది రాణిగంజ్‌లో బ్యాటరీల కొట్టు, ఇరవై ఆరేళ్ళయింది. కొత్త బ్యాటరీ అమ్మడం, పాతది తీసుకోవడం, పోగైన పాతవాటిని లారీకెత్తించడం, ఇదే రోజూ పని. నా జవాబు వద్దు అనే. ఎవరో చెప్తే విని చెప్తున్న మాట కాదు, నేను ఆ పని చేసి చేయి కాల్చుకున్నాను.

2007లో సీసం రేటు పిచ్చిపట్టినట్టు పెరిగింది. ఆ అక్టోబరులో లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్‌లో టన్ను దాదాపు 3,900 డాలర్ల దాకా పోయింది. మా బజార్లో టీ కొట్టు దగ్గర కూడా అదే మాట. "ఇంకా పెరుగుతది అన్నా, మాల్ ఇడువకు" అన్నారు అందరూ. నేను విడవలేదు సరికదా, చిట్టీ పాడి మరీ కిలో 130 చొప్పున రెండు టన్నులు కొని గోడౌన్‌లో వేశాను. మరుసటి ఏడాది దీపావళికి చూస్తే రేటు సగానికి దిగిపోయింది. ఆ డిసెంబరుకి లండన్‌లో టన్ను వెయ్యి డాలర్ల లోపుకి వచ్చింది. సరిగ్గా అప్పుడే మా చెల్లి పెళ్ళి కుదిరింది. కిలో 52కి తెగనమ్మాను. రెండు లక్షల అరవై వేలు పెట్టిన సరుకు లక్షా నాలుగు వేలకు పోయింది. కట్టాల్సిన చిట్టీ వాయిదాలు మాత్రం ఆగలేదు.

అది నా దురదృష్టం అనుకోవచ్చు, అడుగున కొన్నవాడు బాగుపడ్డాడు కదా అనొచ్చు. నిజమే, 2008 చివర్లో కొన్నవాళ్ళు లాభపడ్డారు. కానీ అడుగు ఎక్కడో నాకు ఇప్పటికీ తెలియదు, రోజంతా ఇదే సరుకు మధ్య కూర్చున్నా. మామూలు ఏడాది తీసుకుని చూడండి. 2010లో టన్ను సగటున 2,150 డాలర్ల దగ్గర ఉండేది. అప్పుడు డాలరు 46 రూపాయల లోపు, అంటే కిలో 100 రూపాయల చుట్టుపక్కల. ఇవాళ టన్ను 2,000 డాలర్ల అటూఇటూ ఆడుతోంది, ఇక్కడ కిలో 180 దగ్గర. డాలర్లలో చూస్తే సీసం పెరగనే లేదు. మన రూపాయి పడింది కాబట్టి పెరిగినట్టు కనిపిస్తోంది. అదే వంద రూపాయలు బ్యాంకులో ఏడు శాతానికి ఫిక్స్‌డ్ వేసి కదపకుండా ఉంటే ఈపాటికి రెండున్నర రెట్లు దాటేది. దానికి గది అక్కర్లేదు, తాళం అక్కర్లేదు.

ఇక మీరు కొనే రోజే ఏం జరుగుతుందో చూడండి. సీసం మీద జీఎస్టీ 18 శాతం. కిలో 180 అనుకుంటే పక్కా బిల్లు మీద మీ చేతి నుంచి పోయేది 212. మాలాంటి వ్యాపారికి ఆ పన్ను తిరిగి సర్దుబాటవుతుంది. మీకు అవ్వదు, అది పోయినట్టే. అమ్మడానికి పోతే మీ దిమ్మ చూసి ఎవడూ 180 ఇవ్వడు. ఇంట్లో పోసిన దిమ్మలో ఏం కలిసిందో ఎవడికి తెలుసు? బజార్లో శుద్ధ సీసం అంటే 99.97 శాతం, ఫ్యాక్టరీ ముద్ర ఉండాలి. ముద్ర లేని దిమ్మ రీమెల్ట్, అంటే మళ్ళీ కరిగించాల్సిన సరుకు కిందికి పోతుంది, పైగా మడ్డి (కరిగిస్తే తేలే చెత్త) పేరుతో తరుగు తీస్తారు. 155, మహా అయితే 160 చెప్తారు. అంటే మీ లక్షన్నరలో దాదాపు పాతిక శాతం మొదటిరోజే పోయింది. సీసం ముప్పై శాతానికి పైగా పెరిగితేగానీ మీ అసలు మీకు రాదు.

2024 అక్టోబరు 10 నుంచి ఇంకో మెలిక వచ్చింది. జీఎస్టీ నంబరు లేనివాళ్ళ దగ్గర లోహపు తుక్కు కొంటే ఆ పన్ను కొన్న వ్యాపారే కట్టాలి. తర్వాత సర్దుబాటు చేసుకోవచ్చు గానీ ముందు నగదు కట్టాల్సింది అతనే. అందుకే పక్కాగా వ్యాపారం చేసేవాడు మీలాంటి చిల్లర అమ్మకందారు దగ్గర ఇంకో రెండు రూపాయలు తగ్గించి అడుగుతాడు. బిల్లు లేకుండా కచ్చాగా చేసేవాడు ఇంకా ఎక్కువ ఇస్తాననొచ్చు. అతని కాటా మీద మీ వంద కిలోలు తొంభై మూడు తూగుతాయి. ఆ లెక్క నేను మా నాన్న కొట్లో పన్నెండేళ్ళ వయసులోనే నేర్చుకున్నాను, సిగ్గుపడే సంగతే అయినా చెప్తున్నాను.

కొనేవాళ్ళు ఎంతమంది అన్నది ఇంకో సంగతి. ప్రపంచంలో వాడే సీసంలో దాదాపు 85 శాతం బ్యాటరీల్లోకే పోతుంది. అంటే మీ సరుకు ఎటు తిరిగినా చివరికి సీసం కరిగించే భట్టీవాళ్ళ దగ్గరికే చేరాలి. జుమ్మెరాత్ బజార్‌లో అడగండి, కాటేదాన్‌లో అడగండి, ముషీరాబాద్‌లో అడగండి, వాళ్ళంతా ఫోన్లలో ఒకరికొకరు రేట్లు చెప్పుకునేవాళ్ళే. బంగారం అయితే ఏ వీధిలోనైనా కుదువ పెట్టొచ్చు. సీసం దిమ్మ మీద అప్పిచ్చే మార్వాడీ సేఠ్‌ని నేను ఇంతవరకు చూడలేదు.

కష్టకాలం అన్నారు. కష్టకాలం ఎలా ఉంటుందో 2020లో రెండుసార్లు చూశాం. మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మా బజారు మొత్తం షట్టర్లు దించేసింది. నా గోడౌన్‌లో నాలుగు టన్నుల పాత బ్యాటరీలు ఉండిపోయాయి. కూలీలకు బియ్యం కొనడానికి డబ్బు కావాలి, ఎదురుగా లక్షల సరుకు ఉంది, కిలో కొనే నాథుడు లేడు. చివరికి మా ఆవిడ గాజులు పెట్టి తెచ్చాం. అక్టోబరులో వరదలొచ్చి కొన్ని బస్తీలు రోజుల తరబడి నీళ్ళలో, చీకట్లో ఉన్నప్పుడు కొట్టు ముందు జనం క్యూ కట్టారు. సీసం కోసం కాదు, పనిచేసే బ్యాటరీ కోసం. రెండింటికీ తేడా అదీ. పనిచేసే 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ఇన్వర్టర్ బ్యాటరీలో కాగితం మీద 1.8 యూనిట్ల కరెంటు ఉంటుంది, అందులో సగం మాత్రమే వాడుకున్నా రెండు ఫ్యాన్లు, నాలుగు ఎల్ఈడీ బల్బులు, ఫోన్ల ఛార్జింగ్ నాలుగైదు గంటలు నడుస్తాయి. అదే బ్యాటరీ చచ్చిపోయాక యాభై ఏడు కిలోల బరువు, అంతే.

అమెరికావాళ్ళ లెక్క వేరు. అక్కడ వాళ్ళు పోగేసేది ముఖ్యంగా తూటాలు పోసుకోవడానికి, చేపల గాలాలకు బరువులు పోసుకోవడానికి. టైర్ల షాపుల్లో చక్రాలకు కొట్టే సీసపు బరువులు పాతవి తీసుకుని కరిగించేవాళ్ళు. ఇక్కడ లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేస్తే 1959 ఆయుధాల చట్టం కింద నేరుగా కేసు. మన చెరువుల్లో వల వేసేవాళ్ళు సీసపు గుండ్లు రెడీమేడ్‌గా కొనుక్కుంటారు. కాబట్టి ఆ వీడియోలో ఉపయోగం అని చెప్పింది ఏదీ ఉప్పల్‌లో ఉపయోగం కాదు. కష్టకాలంలో రాగి, ఇత్తడి గిన్నెలకు కళాయి వేయడానికి పనికొస్తుందని ఎవరైనా చెప్తే అసలు వినకండి. కళాయికి వాడాల్సింది తగరం. తగరం ధర ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి కొందరు అందులో సీసం కలుపుతారు. ఆ గిన్నెలో చింతపండు పులుసు కాస్తే సీసం పులుసులోకి దిగుతుంది.

బరువు సంగతి మీరు ఊహించలేదనుకుంటా. సీసం సాంద్రత 11.34. మనం తాగే ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్ ఉంది కదా, అందులో నీళ్ళకు బదులు సీసం ఉంటే 227 కిలోలు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు దిమ్మ 320 కిలోలు దాటుతుంది. మామూలు ఇంటి శ్లాబును చదరపు మీటరుకు 200 కిలోల వాడకపు బరువు లెక్కన డిజైన్ చేస్తారు. మీ లక్షన్నరకు ఏడు వందల కిలోలు వస్తుంది, మేడ మీద గదిలో ఒక మూల పేర్చారనుకోండి, కింద గదిలో పడుకునేవాళ్ళు ఎవరో ఆలోచించుకోండి. అదే లక్షన్నర పెట్టి బంగారం కొంటే చింతగింజంత వస్తుంది, మొలతాడుకి కట్టుకుని తిరగొచ్చు.

ఇప్పుడు పాప సంగతి.

సీసం ఒంట్లోకి వెళ్ళాక అది సున్నం (కాల్షియం) అనుకుని ఎముకలు దాన్ని దాచుకుంటాయి. ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. పెద్దవాళ్ళ కంటే పిల్లల పేగులు దాన్ని ఎన్నో రెట్లు ఎక్కువగా పీల్చుకుంటాయి. ఇంత వరకూ పరవాలేదు అనే మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. తెలివి మందగించడం, చదువులో ధ్యాస నిలవకపోవడం, రక్తం తగ్గడం, ఇవన్నీ బయటికి జబ్బులా కనిపించకుండానే జరిగిపోతాయి. 2020లో యునిసెఫ్ వాళ్ళు, ప్యూర్ ఎర్త్ అనే సంస్థ వాళ్ళు కలిసి వేసిన నివేదికలో ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకంటే ఎక్కువ సీసం ఉందన్నారు. దానికి పెద్ద కారణాల్లో ఒకటిగా వాళ్ళు చూపించింది పాత బ్యాటరీలను ఇళ్ళ మధ్య విప్పి కరిగించడాన్నే.

దిమ్మగా గట్టిగా ఉన్న సీసాన్ని ముట్టుకుంటే చచ్చిపోరు. ప్రమాదం పొడిలో ఉంది, పొగలో ఉంది. బ్యాటరీ విప్పితే లోపల ప్లేట్ల మీద నల్లగా, గోధుమ రంగులో మట్టిలాంటిది ఉంటుంది. అది ఎండితే ముగ్గు కంటే మెత్తటి పొడి. మీ లుంగీకి అంటుకుంటుంది, చెప్పులకు అంటుకుంటుంది, మెట్ల మీదుగా కిందికి దిగుతుంది. నాలుగేళ్ళ పిల్ల నేల మీద కూర్చుని ఆడి, అదే చేత్తో బిస్కెట్ తింటుంది. ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదనుకుంటాను.

మా దగ్గర ఒక కుర్రాడు పనిచేసేవాడు, పేరు చెప్పను. మా దగ్గరకి రాకముందు మూడేళ్ళు ఊరి బయట ఒక దొంగ భట్టీలో పనిచేశాడు. వచ్చిన కొత్తలోనే నెలకోసారి కడుపు మెలితిప్పే నొప్పి, వారం రోజులు విరేచనం కాకపోవడం. గ్యాస్ అని మాత్రలు మింగేవాడు. ఒకరోజు నవ్వుతుంటే చూశాను, కింది చిగుళ్ళ అంచున సిరా గీసినట్టు నీలం గీత. మా నాన్న ఆ గీతను గుర్తుపట్టేవాడు, అందుకే నాకూ తెలుసు. అప్పుడు తీసుకెళ్ళి రక్తంలో సీసం పరీక్ష చేయించాం. వాడిని ఆ పని మాన్పించి, మందులిచ్చి, మనిషిని చేయడానికి ఏడాది పట్టింది. అప్పటి నుంచి మా కొట్లో పనిచేసే ప్రతివాడికీ ఏడాదికోసారి ఆ పరీక్ష, నాకు కూడా. ఇంటికి పోయే ముందు స్నానం, పని బట్టలు ఇంటికి పోవు. మా ఆవిడ పెట్టిన రూలు, నేను తప్పినా ఊరుకోదు.

కరిగించడం గురించి. సీసం 327 డిగ్రీలకే కరిగిపోతుంది, కట్టెల పొయ్యి మీద పాత మూకుడులో కూడా కరుగుతుంది. ఆ సులువే జనాన్ని మోసం చేస్తుంది. మా నాన్న కొట్లో పాత ప్రెస్సుల అక్షరాలు కిలోల లెక్కన వచ్చేవి. ఆఫ్‌సెట్ వచ్చాక అచ్చాపీసులు ఒక్కొక్కటే మూతపడి, తెలుగు, ఉర్దూ అక్షరాలు గోనె సంచుల్లో తూకానికి వచ్చాయి. సీసంలో ఆంటిమొని, కాస్త తగరం కలిసిన సరుకు, మామూలు సీసం కంటే గట్టిది. చిన్నప్పుడు నేను నా పేరులో అక్షరాలు ఏరుకుని జేబులో వేసుకునేవాణ్ణి, అవి నోట్లో పెట్టుకోలేదని చెప్పలేను. ఒక వానాకాలం పొద్దున, రాత్రంతా కప్పు కారి తడిసిన సంచిలోంచి గుప్పెడు అక్షరాలు తీసి కూలీ కరుగుతున్న మూకుట్లో వేశాడు. చెమ్మ ఆవిరై ఒక్కసారిగా ఫట్‌మని పేలింది. వెండి చినుకుల్లా సీసం పైకి లేచింది. ఒక చుక్క అతని కనుబొమ్మ మీద పడి మాంసంలోకి దిగింది, అంగుళం కిందికి పడితే కన్నే. ఆ రోజు రేకుల కప్పుకి అంటుకున్న చుక్కలు కొట్టు అమ్మేసేదాకా అలాగే ఉన్నాయి.

మీరు కరిగించేది బ్యాటరీ ప్లేట్లయితే అంతకంటే ఘోరం. ఆ మట్టి మామూలు మంటకు సీసంగా మారదు, పొగ, మడ్డి అవుతుంది. దాన్ని సీసం చేయాలంటే పెద్ద భట్టీ, బొగ్గు, పొగను పట్టే ఫిల్టర్లు కావాలి. బ్యాటరీలోని సీసంలో సగం పైనే ఆ మట్టిలో ఉంటుంది కాబట్టి, ఇంట్లో కరిగించినవాడికి చేతికొచ్చేది సగం లోపే. నష్టపోయి మరీ విషం పీల్చినట్టు.

చట్టం కూడా చెప్పాలి. 2022లో బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు వచ్చాయి, 2001 నాటి పాత నియమాల స్థానంలో. పాడైన బ్యాటరీని వాడుకున్నవాడు మామూలు చెత్తలో కలపకుండా, నమోదైన సేకరణదారుకో రీసైక్లర్‌కో చేరేలా ఇవ్వాలి. విప్పి సీసం తీసే పని కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవాళ్ళే చేయాలి. ఇంకో ముప్పు దొంగసరుకు. మీరు కిలోల్లో సీసం కొంటున్నారని తెలిస్తే వారంలో మీ గేటు దగ్గరికి ఎవడో ఆటోలో వస్తాడు, రేటు పది రూపాయలు తక్కువ చెప్తాడు. అవి సెల్ టవర్ బ్యాటరీలు కావచ్చు, పాత కేబుళ్ళ మీద తొడుగు కావచ్చు. దొంగసొత్తని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహిత 317 సెక్షన్ ఉంది. రైల్వే సొత్తయితే 1966 చట్టం ఇంకా గట్టిది, సక్రమంగా వచ్చిందని రుజువు చేసుకోవాల్సింది మీరే. మా లైన్లో బిల్లు లేని టవర్ బ్యాటరీని ముట్టుకున్నవాడు ఏదో ఒకరోజు స్టేషన్ బెంచీ మీద కూర్చున్నాడు.

అయినా సీసం మీద నమ్మకం ఉంటే కాగితం మీద పెట్టొచ్చు కదా అనొచ్చు. మన దగ్గర బంగారానికి, వెండికి ఈటీఎఫ్‌లు (షేర్లలా కొని అమ్ముకునే ఫండ్లు) ఉన్నాయి, సీసానికి లేవు. సరుకుల వాయిదా వ్యాపారం జరిగే ఎంసీఎక్స్‌లో కాంట్రాక్టు ఉంది గానీ దాని మామూలు లాటు 5 టన్నులు, అంటే తొమ్మిది లక్షల సరుకు. కిలోకి పది రూపాయలు కదిలితే యాభై వేలు ఇటో అటో. అది లక్షన్నర ఉన్న ఇంటాయన ఆడే ఆట కాదు. పైగా ఇన్వర్టర్లు, టవర్లు, ఈ-రిక్షాలు ఒక్కొక్కటే లిథియం వైపు పోతున్నాయి. నా కొట్లోనే పదిమంది అడిగితే ముగ్గురు లిథియం రేటు అడుగుతున్నారు. సీసం రేపే పడిపోతుందని అనను, కార్లకు, బైకులకు ఇంకా అదే. పదేళ్ళకు రెట్టింపవుతుందని మాత్రం నేనైతే పందెం కాయను.

మాలాంటివాళ్ళు ఎలా బతుకుతున్నారంటే సరుకు ఆపి కాదు, తిప్పి. సోమవారం కిలో 95కి కొన్న పాత బ్యాటరీ శుక్రవారానికి 99కి పోవాలి. నెలకు నాలుగుసార్లు తిరిగితేనే అందులో కూడు. ఆగిందంటే తడిసి, కారి, తరుగై, వడ్డీ తిని పోతుంది.

కాబట్టి ఆ రెండు పాత బ్యాటరీల సంగతి చూడండి. కదపకముందు పక్కన యాసిడ్ కారిన తడి ఉందేమో చూసుకోండి. ఉంటే వంట సోడా చల్లండి, పొంగడం ఆగేదాకా మళ్ళీ చల్లండి, తర్వాత నీళ్ళతో కడగండి. యాసిడ్‌ను మీరు వంపేయకండి, మోరీలో అసలు పోయకండి. బజార్లో రేటు యాసిడ్‌తో సహా తూకానికి వేరు, వంపినదానికి వేరు, మీరు వంపితే బరువూ పోతుంది, ఒళ్ళూ కాలుతుంది. ఇద్దరు పట్టుకుని నిటారుగానే దించండి, మెట్ల మీద పడుకోబెట్టి జార్చకండి. అమ్మే ముందు మూడు కొట్లకు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి: కిలో ఎంత, ఎక్స్ఛేంజ్‌కి ఎంత. కొత్తది కొనే ఉద్దేశం ఉంటే ఎక్స్ఛేంజ్‌లోనే రెండు మూడు వందలు ఎక్కువ వస్తాయి. కొట్టు కాటా మీద ఎక్కించే ముందు మీరు ఎక్కండి, మీ బరువు మీకు తెలుసు కదా. 150 ఏహెచ్ ట్యూబులర్ రకంవి అయితే రెండూ కలిపి 110 కిలోలకు అటూఇటూ తూగాలి. తొంభై చూపిస్తే బేరం ఆపేసి ఇంకో కొట్టుకి పొండి.